రాకపోవడం, ఇవ్వకపోవడం, వెళ్ళిపోవడం: ఇవి ఎప్పుడు ప్రతిఘటన అవుతాయి?

తీరప్రాంతం (చర్చ ప్రారంభం)

కిందటి నెల మా ఊరి పక్కన ఒక కర్మాగారం విస్తరణ కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానా, మూడు వందల కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు, మైకు, అన్నీ ఉన్నాయి. ముందు రోజు రాత్రి రామాలయం దగ్గర కూర్చుని ఊరంతా ఒక మాట అనుకున్నాము: ఎవ్వరమూ వెళ్ళకూడదు, ఖాళీ కుర్చీలే మన జవాబు. మాట మీద నిలబడ్డాము. ఒక్కరు కూడా వెళ్ళలేదు. ఆ రోజు సాయంత్రం గెలిచినంత సంబరపడ్డాము.

మొన్న ఆ సమావేశం నివేదిక ప్రతి దొరికింది. "సమావేశం ప్రశాంతంగా ముగిసింది. అభ్యంతరాలు ఏవీ రాలేదు" అని రాసి ఉంది. ప్రశాంతంగానే ముగిసింది మరి, అక్కడ ఉన్నది కుర్చీలే కదా.

మా తాతయ్య 1921లో రామనగరం పాకలో పుట్టాడు. చీరాల-పేరాల కథ వింటూ పెరిగిన ఇల్లు మాది. జనం కదలకపోతే ప్రభుత్వం కదలలేదని చిన్నప్పటి నుంచి నమ్ముతూ వచ్చాను. ఆ నివేదిక చదివాక ఆ నమ్మకం కొంచెం బీటలు వారింది. వచ్చే శుక్రవారం గ్రామసభ ఉంది, ఈ విస్తరణకు మద్దతు తీర్మానం అందులో పెడతారట. దాన్నీ బహిష్కరిద్దామని కుర్రాళ్ళు అంటున్నారు. ఏం చేయమంటారు?

నోటా నేను

మంచి పని చేశారు. నేను మూడు ఎన్నికల నుంచి నోటా నొక్కుతున్నాను. ఈ వ్యవస్థలో పాలుపంచుకోవడమంటే దానికి ఆమోదముద్ర వేయడమే. వాళ్ళు ఏం రాసుకుంటే మనకేమిటి? మన మనస్సాక్షి ముఖ్యం.

పాత కాగితాలు

చీరాల మాట వచ్చింది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన వాడిని. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికల మధ్య చాలా వేసవులు గడిపాను, ఆ దుమ్ముకు ఇప్పటికీ తుమ్ములు వస్తాయి.

1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేయాలని నిర్ణయించింది. అంతకుముందు యూనియన్‌గా, అంటే మునిసిపాలిటీ కంటే చిన్న స్థానిక సంస్థగా ఉన్నప్పుడు ఏడాదికి నాలుగు వేల రూపాయల దగ్గర ఉన్న పన్ను నలభై వేలకు పెరిగింది. కట్టవలసిన వాళ్ళలో ఎక్కువ మంది నేతగాళ్ళు, చిన్న రైతులు. ముందు అర్జీలు పెట్టారు. తర్వాత కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ఆపైన పన్ను ఎగవేత. 12 మందిని జైలుకు పంపారు, వారిలో ఒక స్త్రీ కూడా ఉంది. అప్పుడు స్థానిక స్వపరిపాలన శాఖ మంత్రి పానగల్ రాజా, జస్టిస్ పార్టీ ఆయన. తెలుగు మంత్రి, తెలుగు ఊళ్ళు, అయినా పట్టు సడలలేదు.

1921 ఏప్రిల్‌లో, విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం ముగిశాక, గాంధీ చీరాల వచ్చాడు. అహింస తప్పకుండా పన్ను నిరాకరణ సాగించడం ఒక దారి, మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోవడం ఇంకో దారి అన్నాడు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండోదాన్ని పట్టుకున్నాడు. సుమారు 15 వేల జనాభాలో 13 వేల పైచిలుకు మంది మండు వేసవిలో ఇళ్ళు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. అదే మీ తాతగారు పుట్టిన రామనగరం. పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

తరువాతి కథను మనం సాధారణంగా పెదవి విప్పి చెప్పుకోము. నిధుల కోసం బరంపురం వెళ్ళిన గోపాలకృష్ణయ్యను మాట్లాడవద్దని ఆంక్ష పెట్టి, మాట్లాడినందుకు అరెస్టు చేసి, ఏడాది జైలు వేసి తిరుచిరాపల్లి పంపారు. నాయకుడు లేడు, డబ్బు లేదు, తలల మీద వానాకాలం గడిచింది. జనం తిరిగి ఊళ్ళోకి వచ్చారు. మునిసిపాలిటీ రద్దు కాలేదు.

తీరప్రాంతం

మాస్టారూ, ఓడిపోయారనా మీ మాట?

పాత కాగితాలు

అడిగింది దక్కలేదని నా మాట. ఓడిపోయారా లేదా అన్నది మీ ఇంట్లో ఆ కథ ఇంకా చెప్పుకుంటున్నారు కాబట్టి మీరే చెప్పాలి. అయితే ఒకటి గమనించండి. వాళ్ళు "ఏమీ చేయకుండా" ఉండలేదు. రామదండు పేరుతో వెయ్యి మంది దాకా కార్యకర్తలు కాపలా కాశారు, తగవులు తీర్చారు, అవసరాలు చూసుకున్నారు. పన్ను కట్టకపోవడం అనే ఒక్క "లేదు" కోసం ఒక ఊరినే కట్టవలసి వచ్చింది.

తీరప్రాంతం

అది నిజం. మా తాతయ్య తల్లి చెప్పేదట: గుంట మగ్గం మోసుకుపోయేది కాదు. చెక్క సామాను విప్పి తీసుకుపోవచ్చు, గుంటను ఎవరు తీసుకుపోతారు? పాకలో మళ్ళీ గుంట తవ్వారు. ఇసుక నేల కాబట్టి అంచులు కూలిపోయేవి, పేడ, బంకమట్టి మెత్తి నిలబెట్టేవారు. వానలకు ఆ గుంటలో నీళ్ళు చేరితే పడుగంతా బూజు పట్టింది. ఆ ఏడాది మా ఇంట్లో నేసిన చీరలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చని అనేదట.

నల్లరేగడి

గుంటూరు జిల్లా వాడిని. చీరాల గురించి అందరూ రాస్తారు, పెదనందిపాడు గురించి అడిగేవాడు లేడు. 1922 జనవరిలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో ఆ ఫిర్కా (కొన్ని ఊళ్ళు కలిసిన రెవెన్యూ విభాగం) రైతులు భూమిశిస్తు ఆపేశారు. అక్కడ అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి: గ్రామ మునసబులు, కరణాలు రాజీనామా చేశారు. శిస్తు లెక్క ఎవరి దగ్గర ఉంటుంది? కరణం దగ్గర. వసూలు ఎవరు చేస్తారు? మునసబు. కలెక్టరు కుర్చీలో కూర్చుని ఎంత అరిచినా చేయి ఆడదు. జప్తు చేసిన పశువులను, సామానును వేలం వేస్తే పాడేవాడు లేడు. సైన్యాన్ని దించవలసి వచ్చింది.

మీ ప్రశ్నకు నా జవాబు ఇది: ఎదుటివాడికి మీ చేయి కావాలి, మీరు చేయి ఇవ్వలేదు, అప్పుడే అది ప్రతిఘటన. మీ ప్రజాభిప్రాయ సేకరణలో వాళ్ళకు కావలసింది మీ చేయి కాదు, మీ మౌనం. అడగకుండానే ఇచ్చేశారు.

చౌరీచౌరాలో హింస జరిగాక గాంధీ ఉద్యమం ఆపేయడంతో పెదనందిపాడు కూడా ఆగిపోయింది. ఆపకపోయి ఉంటే ఏమయ్యేదో అని మా తాత చివరి రోజు వరకూ గొణిగేవాడు.

నోటా నేను

అంటే వాళ్ళకు అవసరం లేనప్పుడు మనం లొంగిపోవాలా?

నల్లరేగడి

లొంగమని ఎవరు అన్నారు తమ్ముడూ? మౌనాన్ని వాళ్ళ చేతికి ఇవ్వవద్దు అంటున్నాను. మీ నోటా సంగతే చూడండి. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ మీట వచ్చింది. శాసనసభకైనా, లోక్‌సభకైనా నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థి గెలిచినట్టే. మీ "వద్దు"ను లెక్కపెడతారు, లెక్కచేయరు.

విజయనగర్ మనవడు

ఇంతవరకు చదివాను. అందరూ తాతల గురించి చెబుతున్నారు కాబట్టి మా తాత గురించి కూడా చెబుతాను. మాదీ చీరాలే, కానీ మేము చీరాల విడిచి వెళ్ళిన వాళ్ళము కాము, చీరాలకు వచ్చిన వాళ్ళము.

1985 జూలై 17. కారంచేడు. మాదిగ పేట మీద దాడి. ఆరుగురిని చంపారు. బతికిన వాళ్ళు పొలాలకు అడ్డం పడి చీరాలకు చేరారు, చర్చి ఆవరణలో శిబిరం వేశారు. పెద్దలు వచ్చారు, అధికారులు వచ్చారు, రాజీ మాటలు వచ్చాయి. వెనక్కి రండి, భద్రత ఇస్తాము అన్నారు. మా వాళ్ళు వెళ్ళము అన్నారు. ఆ ఒక్క మాట మీద నిలబడ్డారు. అలా వచ్చింది విజయనగర్ కాలనీ. బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసింది అప్పుడే. దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరం వేడిలోనే.

ఆ ఊరి పొలాలకు మా చేతులు కావాలి. మా తాత పాలేరు. ఆయన వెళ్ళకపోతే ఎడ్లు కట్టేవాడు లేడు. నల్లరేగడి గారి సూత్రం ఇక్కడా సరిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ సూత్రానికి ఇంకో ముఖం ఉంది, దాన్ని ఇక్కడ ఎవరూ ఎత్తలేదు.

మీరు నిరాకరణ అంటున్న పనికి మా పేటల్లో పాత పేరు "వెలి". 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపడానికి ముందు ఏం చేశారు? దళితులను వెలివేశారు. పనికి పిలవలేదు. ఊరంతా కలిసి "సహకరించము" అంది. ఆయుధం అదే. పట్టుకున్న చేయి వేరు.

నల్లరేగడి

మీరు చెప్పినది కాదనలేను. కానీ పన్ను నిరాకరణను వెలివేతతో ఒకే గాట కట్టడం న్యాయం కాదు కదండీ. ఒకటి పైవాడి మీద, ఇంకోటి కిందివాడి మీద.

విజయనగర్ మనవడు

తేడా ఉంది, ఉందనే నేనూ అంటున్నాను. కానీ మీ పల్నాటి పుల్లరి పోరాటాన్నే తీసుకోండి. అడవిలో పశువులు మేపుకోవడానికి పన్ను వద్దన్నారు, కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకీకి ప్రాణం ఇచ్చాడు. ఆయనకు చేతులెత్తి దండం పెడతాను. అదే పోరాటంలో ఫారెస్టు ఉద్యోగులకు సాంఘిక బహిష్కరణ పెట్టారు కదా. చాకలి బట్టలు ఉతకకూడదు, మంగలి గడ్డం గీయకూడదు. ఉతకకూడదని ఆ చాకలి తానుగా అనుకున్నాడా, లేక ఉతకవద్దని మోతుబరులు చెప్పారా? రోజూ "ఉతుకు" అన్నవాళ్ళే ఆ రోజు "ఉతకవద్దు" అన్నారేమో. అలా అయితే నిరాకరించింది ఎవరు?

పాత కాగితాలు

ఈ ప్రశ్న నేను నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తరగతిలో వేయలేదు. సిగ్గుగా ఉంది. పుస్తకాల్లో "చాకలి, మంగలి కూడా సహకరించలేదు" అనే ఒక్క వాక్యం ఉంటుంది, దానిని గర్వంగా చదివి ముందుకు పోయేవాడిని.

దీనికి కొంచెం పక్కగా ఒక సంగతి. బాయికాటు అనే మాట ఐర్లండులో 1880లో పుట్టింది. మేయో ప్రాంతంలో కెప్టెన్ బాయికాట్ అనే భూస్వామి ఏజెంటు ఉండేవాడు. కౌళ్ళు తగ్గించనన్నందుకు కూలీలు పొలానికి రాలేదు, అంగడివాళ్ళు సరుకు అమ్మలేదు. చివరికి ఐర్లండు ఉత్తర ప్రాంతం నుంచి యాభై మంది దాకా మనుషులను తెచ్చి, వెయ్యి మంది సైనికులు, పోలీసుల కాపలాతో పంట తీయించారు. పంట విలువ కంటే కాపలా ఖర్చు ఎన్నో రెట్లయింది. అక్కడ కూడా మాట వినని అంగడివాడి గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఊరంతా ఒక్క మాట మీద ఉండటంలో ఆ రెండో మాటను నొక్కేసే బలవంతం ఎప్పుడూ కొంత ఉంటుంది.

గోదావరిఖని నుంచి

మా వైపు ముచ్చట లేకుండా ఈ చర్చ ఎట్లా ముగుస్తుంది? వెట్టి సంగతి ఎత్తండి. దొర గడీలో ఊడ్చేది, నీళ్ళు మోసేది, దివిటీ పట్టేది ఎవరు? ఆ పని మానేయడమే తెలంగాణ సాయుధ పోరాటానికి తొలి మెట్టు. ఇక్కడ ఎవరో పెద్దమనిషి చెప్పి మాన్పించలేదు, చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు తన పంట ఇవ్వను అని తానే నిలబడింది. పై ప్రశ్నకు ఆమె ఒక జవాబు.

ఇక 2011. ప్రత్యేక తెలంగాణ కోసం ఫిబ్రవరి, మార్చి నెలల్లో సహాయ నిరాకరణ, సెప్టెంబరు 13 నుంచి 42 రోజుల సకల జనుల సమ్మె. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుంది, అది అందరికీ తెలిసింది. నేను అప్పుడు ఉద్యోగిని, ఏ శాఖో చెప్పను. దసరా పండుగ సమ్మె నడుమ వచ్చింది. జీతం లేదు. నా భార్య గాజులు తాకట్టు పెట్టి పిల్లల ఫీజు కట్టాము. నాకు కనీసం తాకట్టు పెట్టడానికి గాజులు ఉన్నాయి. మా దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రవాడు కూడా సమ్మెలో కూర్చున్నాడు. మాకు తర్వాత సర్దుబాట్లు జరిగాయి. అతడు మళ్ళీ పనిలో కనిపించలేదు. ఎక్కడికి పోయాడో నేను అడగలేదు కూడా.

నోటా నేను

2011 సమ్మె వల్ల సామాన్యులు పడిన బాధలు మరిచిపోయారా? అసలు ఆ పార్టీ తర్వాత చేసిందేమిటి...

నిర్వాహకులు

పార్టీల పంచాయితీ ఇక్కడ వద్దు. దీని తర్వాత వచ్చిన ఆరు వ్యాఖ్యలు తొలగించాము. తీరప్రాంతం గారికి శుక్రవారం గ్రామసభ ఉంది, దాని గురించి మాట్లాడండి.

నోటీసు బోర్డు

ఇటువంటి ప్రజాభిప్రాయ సేకరణల కాగితాలు చాలా ఏళ్ళు చూసిన వాడిని. రెండు ముక్కలు.

పర్యావరణ అనుమతి కోసం పెట్టే సభకు 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం కోరం, అంటే ఇంతమంది రావాలనే కనీస లెక్క, అవసరం లేదు. పది మంది వచ్చినా, ఎవరూ రాకపోయినా సభ జరిగినట్టే. అందుకే మీ ఖాళీ కుర్చీలు వాళ్ళకు అడ్డం కాలేదు. అయితే సభకు రాకుండానే రాతపూర్వకంగా అభ్యంతరాలు ఇవ్వవచ్చు. అంటే కుర్చీ ఖాళీగా ఉంచి కూడా కాగితం నింపవచ్చు. మీరు రెండూ ఖాళీగా ఉంచారు.

ఇంకో రకం చట్టాలు ఉన్నాయి, అక్కడ మీ అంగీకారం లేనిదే పని జరగదు. 2013 భూసేకరణ చట్టంలో ప్రైవేటు కంపెనీ కోసమైతే భూమి పోయే కుటుంబాల్లో 80 శాతం ఒప్పుకోవాలి. అక్కడ ఇంట్లో కూర్చున్నా అది "లేదు" కిందే లెక్క. ఒకే మౌనం ఒక చట్టంలో అవును, ఇంకో చట్టంలో కాదు. ముందు తెలుసుకోవలసింది అది.

ఒడిశాలో నియమగిరి గుర్తుందా? 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో బాక్సైటు గని మీద 12 గ్రామసభలు పెట్టారు. అక్కడి ఆదివాసులు డోంగ్రియా కోంధులు బహిష్కరించలేదు. ప్రతి సభకూ వెళ్ళారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. గని ఆగింది.

పెన్నా ఒడ్డు

నెల్లూరు జిల్లా ఆడపడుచుని. 1992లో నాకు తొమ్మిదేళ్ళు. దూబగుంట మాకు దూరం కాదు. సారా అంగడి మూయించారని మాటగా విన్నాక మా ఊళ్ళో కూడా ఆడవాళ్ళు లేచారు. అక్షరాస్యత తరగతిలో రాత్రిపూట లాంతరు కింద చదివిన పాఠం వాళ్ళను కదిలించింది. తర్వాత దూబగుంట కథే పాఠమై ఇతర ఊళ్ళకు వెళ్ళింది.

మా అమ్మ మొదట చేసిన పని పొయ్యి వెలిగించకపోవడం. తాగి వస్తే అన్నం లేదు. నాన్న రెండు రోజులు కేకలు వేశాడు, మూడో రోజు అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. ఆ రెండు రోజులు మేమూ అటుకులు నానబెట్టుకుని తిన్నాము, అది కూడా చెప్పాలి. తర్వాత లారీలు ఎక్కి నెల్లూరు వెళ్ళి సారా వేలం పాటలు ఆపారు. పాట పాడనివ్వకపోతే సర్కారుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? వాయిదా మీద వాయిదా పడింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. రెండేళ్ళకు దాన్ని సడలించారు, అది వేరే కడుపుమంట.

నేను చెప్పాలనుకున్నది: మా అమ్మ ఇంట్లో కూర్చుని నిరాకరించలేదు. వాళ్ళ పాట జరిగే గుమ్మం దగ్గరకు వెళ్ళి నిరాకరించింది.

తీరప్రాంతం

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఈ చర్చంతా ఫోనులో చదివి రామాలయం దగ్గర వినిపించాను. కారంచేడు భాగం చదువుతున్నప్పుడు మా ఊళ్ళో ఇద్దరు పెద్దలు లేచి వెళ్ళిపోయారు. అదీ ఒక నిరాకరణే అనుకోవాలి. తర్వాత మా ఊరి దళిత పేట కుర్రవాడు ఒకడు అడిగాడు: కిందటి నెల "ఎవ్వరూ వెళ్ళకూడదు" అన్నప్పుడు మమ్మల్ని అడిగారా, చెప్పారా? ఎవ్వరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గర కూడా.

బహిష్కరణ మానుకున్నాము. శుక్రవారం వెళ్తున్నాము. ఈసారి పేటవాళ్ళు ముందు మాట్లాడతారు. ఒక భయం మాత్రం ఉంది. హాజరు పట్టీలో సంతకం పెట్టమంటారు, తర్వాత ఆ కాగితాన్నే తీర్మానానికి జత చేస్తారని పక్క ఊరి వాళ్ళు చెప్పారు.

నోటీసు బోర్డు

జరుగుతుంది, చూశాను. సంతకం పక్కనే ప్రతి ఒక్కరూ "తీర్మానానికి వ్యతిరేకం" అని సొంత చేతితో రాయండి. రాశాక ఆ పేజీని ఫోటో తీసుకోండి. విడిగా అభ్యంతర పత్రం రెండు ప్రతులు తీసుకువెళ్ళి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయము అంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

తీరప్రాంతం

మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. వేలిముద్రే. ఆమె లాంటి వాళ్ళు మా ఊళ్ళో ముప్పై మంది దాకా ఉన్నారు. వేలిముద్ర పక్కన ఇంకొకరు రాస్తే, వాళ్ళకు తెలియకుండా రాశారని కొట్టిపారేస్తారేమో?

పెన్నా ఒడ్డు

అన్నయ్యా, "తీర్మానానికి వ్యతిరేకం" వాళ్ళకు కష్టం. "వద్దు" నేర్పించండి, రెండే అక్షరాలు. ద-వత్తు దగ్గర చేయి కొంచెం వణుకుతుంది, పరవాలేదు. శుక్రవారానికి ఇంకా నాలుగు రాత్రులు ఉన్నాయి.

తీరప్రాంతం

బడి పంతులు గారిని అడిగి పన్నెండు పలకలు తెచ్చాను. మిగిలినవాళ్ళు ప్రస్తుతానికి గుడి అరుగు మీద సుద్దతో రాస్తున్నారు.